అన్నా దాచిన ఊరు

బ్యాంకాక్‌లో నేను ఇంగ్లీషు టీచరుగా చేరిన ప్రైవేటు స్కూల్లో మొదటి పేరెంట్స్ మీటింగ్ జరిగింది. డైరెక్టరు నన్ను ముందుకు పిలిచి, "ఈవిడ ఇంగ్లండు నుంచి వచ్చారు" అని పరిచయం చేశాడు. నేను వెళ్ళింది నరసరావుపేట నుంచి. అప్పటికి ఇంగ్లండు మొహం కూడా చూడలేదు. నవ్వి, చేతులు జోడించి, పక్కకి తప్పుకున్నాను. 2003 నాటి మాట ఇది. అబద్ధం ఆడింది ఆయనే గానీ నేను కాదని చాలాకాలం సమాధానం చెప్పుకున్నాను. ఈమధ్య అన్నా లియోనోవెన్స్ పుస్తకాలు, ఆమె మీద వచ్చిన జీవితచరిత్రలు వరసబెట్టి చదువుతుంటే ఆ సమాధానం నిలబడటం లేదు.

అన్నా పేరు తెలియకపోయినా 'ది కింగ్ అండ్ ఐ' సినిమా చాలామందికి తెలుసు. సయాం రాజు పిల్లలకి ఇంగ్లీషు చెప్పడానికి వెళ్ళి, రాజుకే నాగరికత నేర్పిన దొరసాని కథ. 1956లో వచ్చిన ఆ సినిమాకి మూలం 1951 నాటి సంగీత నాటకం. దానికి మూలం మార్గరెట్ లాండన్ 1944లో రాసిన నవల. అన్నిటికీ మూలం అన్నా తానే రాసిన రెండు పుస్తకాలు. థాయిలాండ్‌లో ఆ సినిమాని నిషేధించారు. 1999లో జోడీ ఫాస్టర్‌తో మళ్ళీ తీసినప్పుడు కూడా అక్కడ అనుమతి దొరక్క మలేషియాలో తీశారు. థాయి వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. మోంగ్‌కుట్ రాజు సింహాసనం ఎక్కేముందు 27 ఏళ్ళు బౌద్ధ భిక్షువు. పాళీ పండితుడు. లాటిన్, ఇంగ్లీషు నేర్చినవాడు, ఖగోళశాస్త్రం మీద మక్కువ ఉన్నవాడు. అలాంటి మనిషిని తెరమీద గంతులేసే మొరటువాడిని చేశారు.

నేనూ మొదట అన్నాని వలస పాలకుల వైపు మనిషిగానే చదివాను. తెల్ల స్త్రీ తూర్పుదేశపు స్త్రీలని ఉద్ధరించే కథలు మనకి కొత్త కాదు. ఆ చదువులో ఒక చిక్కుంది. అన్నా తెల్లదొరసాని అన్నదే సందేహం.

తాను 1834లో వేల్స్‌లో పుట్టానని, తండ్రి కెప్టెననీ, భర్త మేజరనీ అన్నా చెప్పుకుంది. 1976లో బ్రిస్టో అనే పరిశోధకుడు ఆమె కొడుకు లూయీ గురించి రాయబోయి, ఆ మాటలకి రికార్డుల్లో ఆధారం లేదని కనిపెట్టాడు. 2008లో సూసన్ మోర్గన్ రాసిన 'బాంబే అన్నా' వివరంగా చెప్పింది. అన్నా పుట్టింది 1831లో, అహ్మద్‌నగర్‌లో (ఇప్పుడు అహిల్యానగర్ అంటున్నారు). తండ్రి కంపెనీ సైన్యంలో సార్జెంటు. ఆమె పుట్టకముందే పోయాడు. భర్త గుమాస్తా. తల్లి మేరీ ఆన్‌కి తండ్రి ఎవరో తెలుసు, తల్లి ఎవరో తెలీదు. స్థానిక స్త్రీగానీ, మిశ్రమ సంతతి స్త్రీగానీ అయి ఉంటుందని మోర్గన్ అంచనా. సైనికాధికారి అయిన ఆ తాత పేరు రికార్డుల్లో ఉంది. అమ్మమ్మ పేరు లేదు.

1859లో పెనాంగ్‌లో భర్త పోయాడు. చేతిలో ఇద్దరు పిల్లలు. సింగపూర్‌లో చిన్న బడి పెట్టుకుంది. అక్కడ ఉండగానే 1862లో సయాం నుంచి ఉద్యోగం వచ్చింది. రాజు ఉత్తరంలో ఒక షరతు నాకు బాగా నచ్చింది. ఇంగ్లీషు, సైన్సు, సాహిత్యం చెప్పాలి, మతం మాత్రం వద్దు అని. అంతకుముందు 1850లలో మిషనరీల భార్యలు అంతఃపురంలో చదువు చెప్పారు, ఆ అనుభవంతో రాజుకి జ్ఞానోదయమైనట్టుంది. తానేం కొంటున్నాడో ఆ రాజుకి స్పష్టంగా తెలుసు. అమ్మేదానికీ తెలుసు. అహ్మద్‌నగర్ బారకాసుల్లో పుట్టిన పిల్లనంటే ఆ పని దొరికేదా? నాకు అనుమానమే. 1870లో వచ్చిన మొదటి పుస్తకం పేరులోనే 'ఇంగ్లీషు గవర్నెస్' అని ఉంది. ఆమెని పెట్టుకున్నది ఇంగ్లీషు చెప్పడానికి. గవర్నెస్ అన్న హోదా తాను తగిలించుకున్నది. 'ఇంగ్లీషు' అన్నదీ అంతే.

ఆ పుస్తకంలో నేను నమ్మే భాగం ఇంటి గొడవ. విడిగా ఇల్లిస్తామని మాటిచ్చి, తీరా వెళ్ళాక ఇవ్వకుండా తిప్పుతారు. అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు విసుక్కుంటారు. పరాయిదేశంలో కాంట్రాక్టు కాగితం పట్టుకుని తిరిగిన ఏ టీచరమ్మకైనా ఆ పేజీలు చదువుతుంటే నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. అక్కడ ఆమె ఎవరినీ ఉద్ధరించదు. తన గది కోసం పోట్లాడుతుంది.

అంతఃపురం గురించి రాసినచోట గొంతు మారిపోతుంది. ఆడవాళ్ళే ఉండే, ఆడవాళ్ళే కాపలా కాసే ఊరు అది. 1873 నాటి రెండో పుస్తకంలో టుప్‌టిమ్ అనే అమ్మాయిని హింసించి కాల్చేశారని రాసింది. చరిత్రకారులకి దానికి ఆధారం దొరకలేదు. సయాంలో బానిసత్వం లేదని కాదు. ఆమె శిష్యుడు చులాలంకరణ్ రాజయ్యాక అంచెలంచెలుగా రద్దుచేస్తూ 1905కి గానీ పూర్తి చేయలేకపోయాడు. కానీ అక్కడి స్త్రీలు ఈ పుస్తకంలో ఏడ్చి, కాలి, కృతజ్ఞత చెప్పుకోవడానికే ఎక్కువగా వస్తారు. సోన్ క్లిన్ అనే రాణి 'అంకుల్ టామ్స్ కేబిన్' చదివి కరిగిపోయి తన బానిసల్ని వదిలేసిందని ఎంతో మురిపెంగా రాస్తుంది అన్నా.

అల్ఫ్రెడ్ హాబెగ్గర్ 2014లో రాసిన జీవితచరిత్రలో ఈ అబద్ధాలన్నిటికీ ఆమెని గట్టిగా నిలదీశాడు. నాకు అన్ని అబద్ధాలూ ఒక్కటిగా కనపడవు. ఊరు దాచడం బతకడానికి. ఇల్లు అద్దెకడిగితే ముందు ఇంటిపేరు అడిగే సమాజం మనది. ఇంటిపేరు మింగేసి గది సంపాదించుకున్న దళిత స్నేహితురాలిని నేను అబద్ధాలకోరు అనగలనా? తలుపు దగ్గర నిలబడి ప్రశ్న వేసేవాడిది తప్పు. అన్నా విషయంలో నాకు మింగుడుపడనిది వేరు. తన తల్లి గడప మీద తెర దించేసి, పరాయి స్త్రీల అంతఃపురం తెర పూర్తిగా ఎత్తేసింది. వాళ్ళ కన్నీళ్ళకి పుస్తకాలు రాసిన మనిషి తన తల్లిదని ఒక్క నిజమైన పేజీ రాయలేదు. సొంత అక్క కుటుంబంతో కూడా తెంచుకుంది. 1884లో ఇండియా మీద ఒక పుస్తకం రాసింది. అందులో బొంబాయిని, తాను పదిహేనేళ్ళ వయసులో కొత్తగా ఓడ దిగి చూసినట్టు వర్ణిస్తుంది. పుట్టిన నేలని అంత శ్రద్ధగా, అంత పరాయిగా చూడటం చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

ఎందుకంటే నేనూ ఆ పని కొంత చేశాను.

థాయిలో తెల్లవాళ్ళని 'ఫరంగ్' అంటారు. మన 'పరంగి'కి చుట్టమే. (మనం ఆ పేరు బొప్పాయికి పెడితే వాళ్ళు జామకాయకి పెట్టారు.) మనలాంటి వాళ్ళని 'ఖేక్' అంటారు. ఆ మాటకి అతిథి అనే అర్థం కూడా ఉంది గానీ, అనే తీరులో ఆతిథ్యం తక్కువ. మా స్టాఫ్‌రూమ్‌లో లెక్కలు చెప్పే మలయాళీ ఆవిడ ఖేక్. నేను సీఫెల్‌లో ఫొనెటిక్స్ నేర్చి, 'వి'కీ 'డబ్ల్యు'కీ పెదాలు వేరుగా తిప్పగలిగినదాన్ని, పైగా డైరెక్టరు ఇంగ్లండులో పుట్టించినదాన్ని. ఎటూ కాకుండా ఉన్నాను. మొదటి నెల ఇద్దరం కలిసి భోంచేశాం. తను పులుసు తెస్తే నేను ఆవకాయ తీసేదాన్ని. మీటింగ్ తర్వాత, పిల్లల తల్లులు క్యాంటీన్‌లోకి వస్తారని, నేను ఫరంగ్ టీచర్ల బల్ల దగ్గరికి మారాను. పాఠాలు తయారు చేసుకోవాలని చెప్పాను. తను ఏమీ అడగలేదు. డబ్బా మూత పెట్టుకుంది.

జూన్‌లో 'వాయ్ ఖ్రూ' చేశారు, గురువుకి దండం పెట్టే పండగ. ఖ్రూ అంటే మన గురువే. పిల్లలు మోకాళ్ళ మీద వచ్చి గరిక, నూరువరహాల పూలు, వంకాయ పూలు కలిపి కట్టినవి చేతిలో పెట్టారు. గరిక చూడగానే అమ్మ గుర్తొచ్చింది. ఆ రాత్రి ఫోన్‌లో చెబితే, "వినాయకుడికి పెట్టే గరికా? వాళ్ళకెలా తెలుసే?" అంది. లెక్కల టీచరుకి కూడా ఇచ్చారు. తను హాలు అవతలి వరసలో నిలబడి అటు నుంచి నా వైపు గరిక ఎత్తి చూపించి నవ్వింది. అక్కడా వినాయకుడి ముందు గరిక పెడతారు కదా. నా పక్కన ప్రిన్సిపాల్ ఉన్నాడు. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను.

మోర్గన్ పుస్తకం పూర్తయ్యాక ఆవిడకి ఉత్తరం రాద్దామని పాత డైరీ వెతికి తీశాను. కెనడా వాళ్ళవి, ఆస్ట్రేలియా వాళ్ళవి అడ్రసులన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పెట్టుకున్నాను. ఆవిడది లేదు. త్రిచూరు దగ్గర ఏదో ఊరని చెప్పినట్టు గుర్తు.