పాపఫలమును పరీక్షింపవచ్చునా?

నిజామాబాదు చెంతనున్న డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి వెలసినది. స్థాపించినది మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్; విరాళమిచ్చినది నర్సాగౌడు అను హిందూ దాత. కుష్ఠు పూర్వజన్మ పాపఫలమని జనులు నమ్ముచుండిన కాలమది. బైబిలు లేవీయకాండము సైతము చర్మరోగిని అపవిత్రునిగా ఎంచి పాళెము వెలుపల నివసింపుమన్నది.

మతవిషయములలో విజ్ఞానశాస్త్రము తలదూర్చరాదని కొందరందురు. దేవుడు దయామయుడా అను ప్రశ్నకు సూక్ష్మదర్శినిలో సమాధానము దొరకదు, నిజమే. కాని ‘ఈ వ్యాధి పాపమువలన వచ్చును’ అనునది శరీరమును గూర్చిన మాట. దానిని పరీక్షింపవచ్చును. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ రోగుల కణజాలమున కడ్డీల వంటి సూక్ష్మజీవులను కనుగొనెను. ఒకే ఇంట ఒకనికే రోగము వచ్చుట చూచి పాపమని తలచిరేమో! నూటికి 95 మందికి పైగా ఈ సూక్ష్మజీవిని తట్టుకొను శక్తి పుట్టుకతోనే కలదు.

పరీక్ష పాతదానినెల్ల పారవేయదు. మన పూర్వులెరిగిన చాల్‌మూగ్రా జాతి గింజల నూనెను డిచ్‌పల్లిలో కెర్ సూదిమందుగా వాడినది. కొందరికి ఉపకరించినది. డాప్సోన్ రాగా అది వెనుకబడినది. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళౌషధ చికిత్స పుణ్యాత్మునికిని పాపాత్మునికిని ఒకే తీరున పనిచేయుచున్నది.

సూక్ష్మజీవి నిమిత్తమాత్రమే, అసలు కారణము కర్మమే యని వాదించువారు కలరు. ఏ పరిశీలనమునకును అందని మాట ఇది. ఎవరి మనసులో వారు ఉంచుకొనవచ్చును. దానిని పట్టుకొని రోగిని బావివద్దకు రానీయకుండుట ఎట్లు? ‘నయముకాని కుష్ఠు’ విడాకులకు కారణమను నిబంధన, రోగము నయమగుచున్నను, హిందూ వివాహ చట్టమున 2019 వరకు నిలిచియుండెను.