పక్షి పటాలు – రంగు వేసిన చేతులు

నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన టి.సి. జెర్డన్ 1843–47 మధ్య మద్రాసులో భారతీయ పక్షుల చిత్రగ్రంథాన్ని వెలువరించాడు. అందులో 50 పటాలున్నాయి. రాతి అచ్చులో గీతలే పడతాయి. రంగును ఒక్కొక్క ప్రతికి విడిగా చేత్తో వేయాలి. కనుక ఒకే పటం రెండు ప్రతుల్లో అచ్చంగా ఒకేలా ఉండదని మీరు గుర్తుంచుకోవాలి. ఒక్క ప్రతిని చూసి పిట్ట రెక్క రంగు ఇదేనని తీర్మానించడం తొందరపాటు.

ఇప్పుడు కొండపల్లి చిలుకను పక్కన పెట్టి చూడండి. తెల్లపొణికి చెక్క అతుకులకు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు పెట్టి, సున్నం పూసి, ఆపైన రంగు వేస్తారు. పచ్చని ఒళ్ళు, ఎర్రని ముక్కు ఉంటే చాలు, చిలుకే! పటం గీసేవాడికి ఆ వెసులుబాటు లేదు. ఈకల వరుస తప్పితే జాతే మారిపోతుంది. ఆ కచ్చితత్వం కోసం పోయిందీ ఉంది: ఇటువంటి పటాల్లో పక్షి చాలావరకు పక్కకు తిరిగి, కదలక మెదలక నిలబడి ఉంటుంది. హుషారు మాత్రం బొమ్మదే.

జెర్డన్ గ్రంథానికి భారతీయ చిత్రకారులు పనిచేశారు. అయినా మనం 'జెర్డన్ పటాలు' అనే అంటాం. కొండపల్లి పనివారికి కనీసం ఊరి పేరైనా దక్కింది. ఇటువంటి పాత పటం ఏ మ్యూజియంలోనైనా కనిపిస్తే, పక్షిని చూసేముందు అడుగున చిన్న అక్షరాల్లో ఎవరి పేర్లున్నాయో చదవండి.