డీజిల్‌లో సీసా మందు

నరసరావుపేటలో పంపు సర్వీసు చేసే షాపులోకి వెళ్తే బల్లకు బిగించిన నాజిల్ టెస్టరు కనిపిస్తుంది. మేస్త్రి ట్రాక్టరు నాజిల్‌ను దానికి తగిలించి చేతి లివరు నొక్కుతాడు. గేజీ ముల్లు 200 బార్ల చుట్టుపక్కలకు రాగానే నాజిల్ కిర్రుమంటూ తెరుచుకుని డీజిల్‌ను పొగమంచులా చిమ్మాలి, ఠక్కున మూసుకోవాలి. పాడైన నాజిల్ ఒక పక్కకు ధార కడుతుంది. లివరు వదిలేశాక కూడా దాని కొసన చుక్క వేలాడుతుంది. పొలంలో బండి నల్లపొగ కక్కడానికీ, పికప్ పడిపోవడానికీ ఆ చుక్క చాలు.

“మేస్త్రీ, పంపు విప్పకుండా ఏదన్నా సీసా పోస్తే సరిపోదా?” రైతులు అడిగే మాట ఇదే. రిపేరు బిల్లు తెలిసినవాడికి ఆ ఆశ ఉండటం సహజం. దానికి సూటిగా జవాబు చెప్పాలంటే పోసేది ఏమిటో, పోగొట్టాల్సిన జబ్బేమిటో రెండూ తెలియాలి.

పంపులో ప్లంజరుకూ బ్యారెల్‌కూ మధ్య సందు రెండు నుంచి నాలుగు మైక్రాన్లు. అక్కడ కందెన పని చేసేది డీజిలే. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 డీజిల్ వచ్చి గంధకం 50 పీపీఎం నుంచి 10కి దిగింది. గంధకాన్ని తీసే శుద్ధిలో డీజిల్‌కు సహజంగా ఉండే జిడ్డుగుణమూ కొంత పోతుంది. 1990ల మొదట్లో స్వీడన్‌లో ఇలాంటి డీజిల్ వల్లే పంపులు అరిగిపోయాయి. అప్పటినుంచి రిఫైనరీలే కందెన రసాయనం కలుపుతున్నాయి. 60 డిగ్రీల వేడిలో ఉక్కు గుండును పలకపై రుద్దితే పడే గాటు 460 మైక్రాన్లు దాటకూడదని మన ప్రమాణం. కాబట్టి కొత్త డీజిల్ పాత ట్రాక్టర్లను ఎండగడుతుందన్న భయం అక్కర్లేదు. కిరోసిన్ కల్తీ అయితే మాత్రం ఆ రక్షణ పోయినట్టే.

టూటీ ఆయిల్ కలిపే అలవాటు ఆ భయం నుంచి పుట్టిందే. పాత మెకానికల్ పంపుకు దానివల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. బీఎస్-6 లారీలో మాత్రం ఆ నూనె బూడిద సైలెన్సరు వైపున్న పార్టిక్యులేట్ ఫిల్టరులో చేరి మిగిలిపోతుంది. అలాంటి బండికి అది వద్దే వద్దు.

పల్నాడులో అసలు శత్రువులు వేరే ఉన్నాయి. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దుమ్ము, క్వారీల పొడి, మూతలేని క్యాన్లలో పొలానికి మోసుకెళ్లే డీజిల్, తుడవని గరాటు. రెంటచింతల వైపు ఎండలకు డీజిల్ పలచబడుతుంది, సందులో నూనె పొర సన్నబడుతుంది. సాగర్ కాలువ ఆగాక నెలల తరబడి సగం ట్యాంకుతో షెడ్డులో నిలిచే ట్రాక్టర్లలో గాలి తేమ నీరై అడుగున చేరుతుంది. ఆ నీటి అంచున సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టరు మీద జిగట కడుతుంది. వీటికి ట్యాంకు నిండా నింపి పెట్టడం, వాటర్ సెపరేటర్ మర తిప్పి నీరు దించడం, ఫిల్టరు వేళకు మార్చడం తప్ప దారి లేదు. నీటిని డీజిల్‌లో కలిపేసే సీసాలు ఉన్నాయి గానీ, అవి ఆ నీటిని నేరుగా ఇంజెక్టరులోకే పంపుతాయి.

సీసా పనికొచ్చే చోటూ ఉంది. నాజిల్ రంధ్రాల చుట్టూ మసి పేరుకుంటే మంచి డిటర్జెంటు దాన్ని నెమ్మదిగా వదిలిస్తుంది, మళ్లీ పట్టకుండా చూస్తుంది. ఆయిల్ కంపెనీలు కాస్త ఎక్కువ ధరకు అమ్మే ప్రత్యేక డీజిళ్లలో ఉండేదీ ఆ కోవదే. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు కఠినమైన ఉద్గార నిబంధనలు రావడంతో కామన్ రైల్ ఇంజిన్లు పొలాల్లోకి వచ్చాయి. వేల బార్ల దాకా వెళ్లే ఆ ఒత్తిడిలో చిన్న మసీ పెద్ద తేడా చేస్తుంది. అక్కడైనా మాన్యువల్ ఒప్పుకున్న రకమే, సీసా మీద రాసిన మోతాదులోనే పోయాలి. ఎక్కువైతే కొన్ని డిటర్జెంట్లే సూది చుట్టూ జిగురు కడతాయి. గీత పడ్డ ప్లంజరును మాత్రం ఏ సీసా నున్నగా చేయలేదు, దాన్ని మార్చాల్సిందే.

ఇంకొక్కటి, లారీ క్లీనర్లకు తప్పక చెప్పాల్సింది. నీలిమూత ట్యాంకులో పోసే డీఈఎఫ్ డీజిల్‌లో కలిపే మందు కాదు. అది 32.5 శాతం యూరియా కలిపిన శుద్ధజలం. పొరపాటున డీజిల్ ట్యాంకులో పడితే పంపు తుప్పు పడుతుంది, ఇంజెక్టర్లలో యూరియా గడ్డకడుతుంది. అలా జరిగితే తాళం కూడా తిప్పకుండా, ముందు ట్యాంకు దించి కడిగించాలి.