టబ్బులో కూర్చుని గండిపేట

హైదరాబాద్ కృష్ణానగర్‌లో చెరువు మాట ఎత్తాలంటే కాలం చూసుకోవాలి. వానాకాలంలో చెరువే మా గడప దగ్గరికొస్తుంది. గట్టి వాన ఒక్కటి పడితే సందులో బైకులు మునుగుతాయి. మే నెలలో మాత్రం మేమే దాన్ని వెతుక్కుంటూ పోవాలి. మా పక్కనున్న కృష్ణకాంత్ పార్కు ఒకప్పుడు యూసఫ్‌గూడ చెరువేనని పాతవాళ్లు చెబుతారు. మాసాబ్ ట్యాంకుకు పేరులో ట్యాంకు మిగిలింది, నీళ్లు మిగల్లేదు. అందుకే మొన్న ఆదివారం గండిపేటకు బయల్దేరాం: అమ్మ, మా ఆవిడ, పాప, రెండు కుక్కలు. ఒకటి బ్రూనో, లాబ్రడార్. రెండోది టైగర్. పేరుకే పులి, పుట్టింది మా సందులోనే.

ఐదింటికి బయటికొచ్చేసరికి షూటింగ్ బండి కోసం జూనియర్ ఆర్టిస్టులు అప్పటికే నిలబడి ఉన్నారు. "అన్నా, ఏ సినిమాకి?" అని కుక్కల్ని చూసి ఒకాయన అడిగాడు. "వీటికి భోజనం ఒక్కటే, పేమెంట్ లేదు" అన్నాను. "మాకూ అంతే కదన్నా" అని నవ్వాడు.

అంత పొద్దున్నే ఎందుకంటే, ఒకసారి బుద్ధొచ్చింది. రెండేళ్ల కిందట ఏప్రిల్లో, పదకొండు గంటలప్పుడు బ్రూనోను తారు రోడ్డు మీద నడిపించాను. నా కాళ్లకు చెప్పులున్నాయి, దానికి లేవన్న సంగతి తట్టలేదు. సాయంత్రానికి పాదాలు బొబ్బలెక్కాయి. అప్పట్నుంచి ముందు నా చెయ్యి తిరగేసి రోడ్డుకు ఆనించి ఏడు దాకా లెక్కపెడతాను. చెయ్యి ఓర్చుకోలేదా, నడక లేదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే ఒంట్లో వేడిని దించుకుంటుంది. రొప్పు ఆగక, చొంగ చిక్కబడి, నడక తూలిందంటే వడదెబ్బే. పొట్ట కింద, కాళ్ల మధ్య నీళ్లు పోస్తూ డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. తడి తువ్వాలు కప్పి వదిలేయకూడదు, వేడి దాని కిందే ఉండిపోతుంది.

షేక్‌పేట, నార్సింగి మీదుగా ఎండెక్కకముందే చేరాం. 1908 మూసీ వరద తర్వాత నిజాం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన జలాశయం ఇది. 1920లో పూర్తయింది. కాగితాల మీద ఉస్మాన్ సాగర్ అంటారు, ఊరు మాత్రం గండిపేట అనే పిలుస్తుంది. ఆ నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలిపోడని సామెత కూడా ఉంది.

మా చిక్కంతా ఆ తాగడం దగ్గరే. బ్రూనో పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్లకు సాయంగా వలలు లాగిన జాతి. నీళ్లు కనబడితే దాని ఒళ్లు దాని మాట వినదు. కానీ ఊరు తాగే నీళ్లలో కుక్కను ఈదిస్తామా? బంతి నీళ్లలోకి విసిరి "దానికేం తెలుసు" అనే కార్లవాళ్లను చూశాను. దానికి తెలియదు, సరే. విసిరినాయనకు?

నాకు కష్టపడి అబ్బింది, నీళ్ల పక్కన కుక్కను ఆపడం. చెట్టు నీడలో బట్టలు నానబెట్టే టబ్బు, ఇంటి నుంచి తెచ్చిన రెండు క్యాన్ల నీళ్లు, తాడు ఒక కొస నా నడుముకు. మొదట అరగంట నన్ను ఈడ్చింది. తర్వాత టబ్బులో కూలబడి, గడ్డం అంచు మీద ఆనించి, చెరువు వైపు చూస్తూ నిట్టూర్చింది. టైగర్‌కు నీళ్లంటే భయం, దాహానికి మాత్రం భయం లేదు. బ్రూనో కూర్చున్న టబ్బులోనే మూతి పెట్టి తాగింది.

అమ్మ పులిహోర విప్పింది. "వాటికీ ఓ ముద్ద పెట్టరా" అంది. పోపు, కారం పడవని ఉత్త పెరుగన్నం పెట్టాం. పుచ్చకాయ ముక్కలకు గింజలు తీశాం. పాప చేతిలో ద్రాక్షపండు మాత్రం లాక్కున్నాను, అది కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పాప అరగంట మాట్లాడలేదు.

తొమ్మిదికల్లా తిరుగుముఖం పట్టాం. ఇంటికి రాగానే టైగర్ మంచం కిందికి దూరింది. మా ఇంటికి రాకముందు అది వేసవంతా పక్క మేడ ఏసీ నుంచి కారే చుక్కలు నాకి బతికింది. అలాంటివి మా సందులో ఇంకా ఆరున్నాయి, మీ సందులోనూ ఉంటాయి. గేటు బయట ఓ మట్టి తొట్టెలో నీళ్లు పెట్టండి. రోజూ కడిగి మార్చండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.