నూగుముల్లు మీద కత్తివాటు
మెక్సికో నగరానికి ఆగ్నేయపు కొసన మిల్పా ఆల్టా అనే కొండప్రాంతం ఉంది. అక్కడి రైతుల ప్రధాన పంట నొపాల్, అంటే నాగజెముడు. మన మెట్టపొలాల గట్ల మీద కంచెగా నిలబడే మొక్కకు దగ్గరి చుట్టం. అక్కడ అది రోజువారీ కూర. సంతలో కూర్చుని దాన్ని కూరకు సిద్ధం చేసే ఆడవాళ్ల చేతిపని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

పెద్ద ముల్లు కంటికి కనిపిస్తుంది కాబట్టి తప్పుకోవచ్చు. చిక్కంతా దాని మొదట్లో కుచ్చులా ఉండే నూగుముళ్లతోనే. అవి వెంట్రుకకన్నా సన్నం, పైగా ఒక్కోదానికీ వెనక్కి తిరిగిన కొక్కేలు. చెయ్యి తగిలితే చాలు, ఊడి చర్మంలో దిగుతాయి. లాగితే విరిగి, మంటా దురదా మిగిలిస్తాయి. తరతరాలుగా ఏరి పెంచిన సాగురకాలకు పెద్ద ముళ్లు చాలావరకు పోయాయి గాని, ఈ నూగు పోలేదు.

అందుకే కత్తి. అరచెయ్యంత లేత మట్టను మొదలు దగ్గర పట్టుకుని, ముందు అంచు చుట్టూ సన్నగా కోసేస్తారు. ముళ్లు ఒత్తుగా ఉండేది అక్కడే. తర్వాత కత్తిని దాదాపు పడుకోబెట్టి, ఒక్కో బుడిపెనూ చెక్కుతూ పోతారు. ముల్లు మొదలంటా పోవాలి, చుట్టూ ఉన్న పచ్చతోలు నిలవాలి. కత్తి లోతుగా దిగితే జిగురు కారి మట్ట తొందరగా నల్లబడుతుంది. పైపైన జారితే నూగు మిగిలి తినేవాళ్ల నాలుకను గుచ్చుతుంది. ఏ రెండు మట్టల వంపూ ఒకటి కాదు, అయినా వాటు తడబడదు. ఈ పనికి యంత్రాలు తయారుచేసినవాళ్లున్నారు. ఆ మణికట్టు తెలివి మాత్రం వేరు.

కోసే వేళకూ లెక్కుంది. నాగజెముడు నీటిని కాపాడుకోవడానికి పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి గాలి పీలుస్తుంది. పీల్చినదాన్ని మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. కాబట్టి పొద్దున్నే కోసిన మట్ట పుల్లగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ ఆ పులుపు తగ్గుతుంది. పండ్లనూ తెల్లవారుజామునే కోస్తారు. మంచుతడికి నూగు గాల్లోకి లేవదు. కోసిన పండ్లను నేలమీద పోసి చీపురుతో దొర్లించి ఊడుస్తారు.

నాగజెముడు మన గడ్డకూ కొత్త కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర, ఎర్రరంగునిచ్చే కొచినీల్ పురుగులను పెంచడానికి ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ మద్రాసులో నాగజెముడు తోట వేశాడు. రంగు వ్యాపారం నిలవలేదు. మన దగ్గర పిల్లలు ఈ పండ్లను నేలకు రుద్ది నూగు పోగొట్టి, నోరు ఎర్రబడేలా తినడం ఉంది గాని, మట్టను చెక్కి వండే విద్య మనకు అబ్బలేదు.

మెక్సికోలో చెక్కిన మట్టను ముక్కలు కోసి, ఉల్లిపాయ, ఉప్పు వేసి ఉడికించి జిగురు వారుస్తారు. దానికి టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి మొక్కజొన్న రొట్టెలో చుట్టుకుంటారు. తొందరుంటే మట్టను మట్టంగా పెనం మీద వేసి కాల్చేస్తారు.