పద్నాలుగు పాదాల్లో ఎదురు తిరగటం

ఛందస్సు బ్రాహ్మణులది, వచన కవిత మనది అన్న మాట మన సభల్లో తరచూ వినబడుతుంది. ఆ మాటకు కారణముంది. పద్యం రానివాడు కవే కాదన్న పండితుల కింద నలిగినోళ్ల మాట అది. కానీ రూపాన్ని వాళ్లకే రాసిచ్చేస్తే లాభం ఎవరికి?

సానెట్ సంగతి చూద్దాం. పుట్టింది 13వ శతాబ్దపు సిసిలీ రాజాస్థానంలో. చాలాకాలం దాని పని అందని ప్రియురాలిని పొగడటం. దాన్ని 1919లో క్లాడ్ మెకే అందుకున్నాడు. జమైకాలో పుట్టిన నల్లకవి, అమెరికా రైల్లో భోజనాల పెట్టెలో వెయిటరు. ఆ ఏడు అక్కడి నగరాల్లో తెల్లమూకలు నల్లవాళ్లను వెంటాడి చంపాయి. జులై 'లిబరేటర్' పత్రికలో 'ఇఫ్ వుయ్ మస్ట్ డై' అచ్చయింది.

షేక్‌స్పియర్ పద్ధతిలో ఉంటుందది. నాలుగేసి పాదాల కట్లు మూడు, చివర రెండు పాదాల జంట. మొదటి కట్టులో, చావు తప్పనప్పుడు దొడ్లో పందుల్లా చావొద్దంటాడు. రెండోదాంట్లో ఆ చావుకి విలువ అడుగుతాడు. మూడోది మొదలుపెడుతూ అయినవాళ్లను పిలుస్తాడు. మలుపు అక్కడే. అప్పటిదాకా ఎట్లా చావాలన్న మాట, అక్కడ్నించి ఎట్లా కొట్టాలన్న మాట.

పద్యంలో నలుపు, తెలుపు అన్న మాటలే లేవు. అందుకే ఇది 'విశ్వజనీనం' అని మురిసే విమర్శకులున్నారు. మెకే దీన్ని చదివి వినిపించింది తనతో రైల్లో పనిచేసే నల్లవాళ్లకి. వాళ్లకి రంగు పేరు చెప్పాలా?

అయితే ఆ పిలుపు మగవాళ్లకే. ఆడవాళ్ల మాట వినాలంటే గ్వెండొలిన్ బ్రూక్స్ దాకా రావాలి. 1949 నాటి 'యానీ ఆలెన్'లో యుద్ధానికి పోయిన ప్రియుడి గురించి ఒక నల్లపిల్ల తల్లితో మొరపెట్టుకునేది కూడా సానెట్టే. ప్రియురాలే నోరు విప్పిందన్నమాట.

మనకిది కొత్త కాదు. 1941లో జాషువా కాళిదాసు మేఘాన్ని పక్కనబెట్టి, గుళ్లోకి మనిషికంటే సులువుగా దూరే గబ్బిలంతో శివుడికి కబురంపాడు. పద్యం వదిలేసుంటే, మేఘసందేశం వల్లెవేసిన పండితుడికి ఆ దెబ్బ అంతగా తగిలేదా?

రాయాలనుకునే విద్యార్థులకు ఒక మాట. పద్నాలుగు లెక్కబెట్టినంత మాత్రాన సానెట్ కాదు. ఇంగ్లీషు పాదం ఊనిక మీద నడుస్తది, తెలుగుకి ఆ ఊనిక లేదు. మాత్రల నడక చాలు. కావాల్సింది మలుపు. సీసం అయిపోయి గీతి ఎత్తుకునే చోట మాట ఎట్లా తిరుగుతుందో, పేటలో పౌరాణిక నాటకాల పద్యాలు పాడిన మన పెద్దోళ్లని అడగండి.