సియోల్ మెట్రో ఎక్కిన బెర్లిన్ నాటకం

పరాయి నాటకాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు మనలో చాలామంది ముందు పేర్లు మారుస్తారు, ఆ తర్వాత వేషాలు మారుస్తారు. దాంతో అది మనదైపోయిందనుకుంటారు. అనుసరణలు రాసేవాడిగా ఈ పద్ధతి నాకెప్పుడూ మింగుడుపడలేదు. అందుకే కొరియన్ మ్యూజికల్ ప్రస్తావన వస్తే నాకు మొదట గుర్తొచ్చేది నాటక దర్శకుడు కిమ్ మిన్-గి.

1986లో బెర్లిన్‌ గ్రిప్స్ థియేటర్ ‘లీనియె 1’ అనే సంగీత నాటకం వేసింది. ప్రియుణ్ణి వెతుక్కుంటూ పశ్చిమ బెర్లిన్‌ వచ్చిన అమ్మాయి, మెట్రోలో ఆమెకు తారసపడే మనుషులు, అదీ కథ. కిమ్ దాన్ని 1994లో సియోల్‌లోని తన చిన్న థియేటర్ హక్చోన్‌లో ‘సబ్‌వే లైన్ 1’గా ఆడించాడు. అతని నాయిక చైనాలోని యెన్‌బియన్ నుంచి వస్తుంది. రక్తం కొరియన్, భాష కొరియన్, అయినా సియోల్‌కు పరాయిది. మనవాళ్లంటే ఎవరన్న ప్రశ్న ఆమెతోపాటే రైలెక్కుతుంది.

మూలంలో నాజీల వితంతువులు పింఛన్ల మీద దర్జాగా బతుకుతుంటారు. సియోల్‌లో నాజీలెక్కడ? కిమ్ ఆ చోట్లో గంగ్నమ్ సంపన్న గృహిణులను నిలబెట్టాడు. ఆ దర్పం తన ఊళ్లో ఏ పేటలో కాపురముందో వెతికి పట్టుకున్నాడు. అనుసరణలో అసలు కష్టమంతా అక్కడే ఉంది. నాటకం 2008 దాకా 4,000 ఆటలు ఆడింది. వెయ్యో ఆట నాటికి మూల రచయిత ఫోల్కర్ లూడ్విగ్ ఇక తనకు రాయల్టీ వద్దన్నాడు.

1995 నాటి ‘ద లాస్ట్ ఎంప్రెస్’ దారి వేరు. అప్పటికి వందేళ్ల కిందట జపనీయుల చేతిలో హతమైన రాణి కథ అది, 1997లో న్యూయార్క్ కూడా వెళ్లింది. అందులోని ఆవేదన నిజం. కానీ ఆ రాజవస్త్రాల వెనక, ప్రపంచం మమ్మల్ని గుర్తించాలన్న ఆరాటం నాకు ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ గుర్తింపు చివరికి రెండు పాత రోబోల ప్రేమకథకు దక్కింది. 2016లో సియోల్‌లో మొదలైన ‘మేబీ హ్యాపీ ఎండింగ్’ 2025లో బ్రాడ్‌వేలో ఆరు టోనీ అవార్డులు గెలిచింది. అదే ఏడాది ప్రధాన పాత్రకు, ఆసియా మూలాలున్న డారెన్ క్రిస్ బదులు తెల్లజాతి నటుణ్ణి ఎంపిక చేస్తే ఆసియన్ అమెరికన్ నటులు నొచ్చుకున్నారు. ఆ రోబోలు ప్రపంచ కంపెనీ సరుకని, కొరియన్ ప్రదర్శనలోనూ వాటికి కొరియన్ పేర్లు లేవని రచయితలు చెప్పారు. నిజమే. అయితే కథ జరిగేది సియోల్‌లో, బ్రాడ్‌వేలో ఆసియా నటులకు దొరికే పెద్ద పాత్రలు బహు తక్కువ. యెన్‌బియన్ అమ్మాయిని నాయికను చేసిన నాటకరంగం నుంచి వచ్చిన కథ కాబట్టి, నేను ఆ నటుల పక్షమే.